ఆధార్‌లో పద్దెనిమిది, పదో తరగతి సర్టిఫికెట్‌లో పదిహేడు

నరసన్నపేట దగ్గరి ఒక గ్రామం నుంచి ఒక మేనమామ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు, ఊరు, ఆయన చేసే పని ఇక్కడ ఇవ్వడం లేదు. పిల్లవాణ్ని పోల్చుకోవడానికి వీలున్న ఒకటి రెండు వివరాలను మార్చాను కూడా. ఉత్తరం సారాంశం ఇది.

ఆయన అక్కా బావా పదేళ్లుగా హైదరాబాద్‌లో తాపీ పనులు చేసుకుంటున్నారు. పని ఎక్కడ దొరికితే అక్కడికి మకాం మారుతుంది గనుక, కొడుకు చదువు చెడకూడదని ఏడో తరగతిలో ఉండగా తమ్ముడి ఇంట విడిచిపెట్టారు. నెలకు ఆరు వేలు పంపుతారు. కుర్రవాడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తెల్లవారుజామున లేచి రోడ్డు మీద పరుగెత్తడం, ఊరి చివర రెండు రాటల మధ్య కట్టిన ఇనుప కమ్మీకి వేలాడడం, అగ్నివీర్ రిక్రూట్‌మెంట్ ఎప్పుడు పడుతుందా అని ఫోన్‌లో చూసుకోవడం, ఇదే అతని లోకం. మొన్న కార్తీకంలో ఒక ఆదివారం అరసవల్లి గుడికి వచ్చిన ఒకాయన మోటార్ సైకిల్ పోయింది. పది రోజుల తరువాత అదే బండిని నడుపుతూ ఈ కుర్రవాడు టెక్కలి దారిలో తనిఖీలో దొరికాడు. వెనక కూర్చున్నది అదే ఊరి యువకుడు, ఇరవై రెండేళ్లవాడు. అతని మీద లోగడ కూడా బళ్ల కేసులున్నాయట.

ఆ రాత్రి కుర్రవాణ్ని స్టేషన్‌లో బల్ల మీద కూర్చోబెట్టారు. మేనమామకు కబురు తెల్లవారాకే అందింది. ఆధార్ కార్డులో 2007 జనవరి 1 అని ఉంది గనుక మేజరే అన్నారు. ఆయన ఇంటికి పరుగెత్తుకెళ్లి పదో తరగతి సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే అందులో 2008 ఆగస్టు 14 అని ఉంది. ఆ మధ్యాహ్నం కుర్రవాణ్ని పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టారు. మేనమామ పూచీకత్తు మీద వదిలారు. వచ్చే వాయిదాకు వయసు రుజువులు అసలువి తెమ్మన్నారు. ఇంటికి వచ్చాక ఆయన బెల్టు తీసి కొట్టారు. కుర్రవాడు ఏడుస్తూ "నాను బండి తోలినానంతే మావా, తియ్యలేదు" అన్నాడు. మర్నాడు అత్త లేని సమయం చూసి, అది దొంగ బండి అని రెండోసారి తోలేనాటికే తెలుసని చెప్పాడు.

ఆ తరువాత చిక్కులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పెద్ద కుర్రవాడి తండ్రి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని రాత్రిపూట ఇంటికి వచ్చి, బండి తానే తీశానని మీ వాడి చేత చెప్పించండి, మైనర్ గనుక ఏమీ కాదు, నలభై వేలు ఇస్తాం, బండి మరమ్మతు కూడా మేమే చేయిస్తాం అన్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో పోలీసుల పక్కన నిలబడ్డ కుర్రవాడి ఫొటో తిరిగింది. ఇంట్లో పన్నెండేళ్ల ఆడపిల్ల ఉంది, రేపు మాటలు పడేది మన పిల్లే అని భార్య అంటోంది. అక్కకూ బావకూ ఇంకా చెప్పలేదు. చెబితే బావ వచ్చి చావగొట్టి, చదువు మాన్పించి సెంట్రింగ్ పనిలో పెడతాడని భయం. కుర్రవాణ్ని హైదరాబాద్ పంపేసి వాయిదాల సంగతి వకీలుకు వదిలేస్తే ఎలా ఉంటుంది? వాయిదా లోపు ఆధార్‌లో తేదీ దిద్దించవచ్చా? ఈ కేసు మచ్చతో వాడికి ఆర్మీ ఇక లేనట్టేనా? ఉత్తరం చివరి పంక్తి ఇది: "మా అక్క నా చేతిలో పెట్టింది, నేను పాడు చేశానా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను విజయనగరంలో కొంతకాలం ఇటువంటి బోర్డులో సామాజిక కార్యకర్త సభ్యత్వం చేశాను. ఆ అనుభవంతోనూ, చట్టం చెప్పిన మేరకూ రాస్తున్నాను. మీ వకీలు కాగితాలన్నీ చూసి చెప్పే మాటకు ఇది బదులు కాదు. వకీలును ఇంకా పెట్టుకోకపోతే శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ముందుగా ఆధార్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. మన వైపు పిల్లల ఆధార్ కార్డుల్లో జనవరి 1 ఎన్ని ఇళ్లలో కనిపిస్తుందో మీకు తెలియనిది కాదు. తల్లి చేతిలో పుట్టిన తేదీ కాగితం లేకపోతే, నమోదు చేసేవాడు సంవత్సరం ఉరామరిగా అడిగి, తేదీ స్థానంలో జనవరి 1 వేసి పంపించేశాడు. మీ అక్క హైదరాబాద్‌లో ఏదో క్యాంపులో చేయించిందని రాశారు గనుక ఇక్కడ జరిగింది అదే అయివుండాలి. బాల న్యాయ చట్టం, అంటే 2015లో వచ్చి 2016 జనవరి 15 నుంచి అమలులో ఉన్న చట్టం, 94వ సెక్షన్‌లో వయసు రుజువులకు ఒక వరుస పెట్టింది. మొదటి స్థానం బడి ఇచ్చే పుట్టిన తేదీ పత్రానిది లేదా పదో తరగతి సర్టిఫికెట్‌ది. అవి లేనప్పుడే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రాన్ని చూడాలి. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ పేరే లేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం నష్టపరిహారం కేసులో కూడా, వయసు తేల్చడానికి ఆధార్ కంటే బడి సర్టిఫికెట్టే నమ్మదగినదని చెప్పింది.

కనుక వాయిదాకు ముందు ఆధార్ దిద్దించే ప్రయత్నం వద్దని నా సలహా. దిద్దించుకునే హక్కు మీకు లేదని కాదు. కేసు నడుస్తుండగా దిద్దిన తేదీని చూస్తే, నిజంగానే సరైన తేదీ అయినప్పటికీ, ఎదుటివాడికి అనుమానం పుడుతుంది. నిక్కమైన రుజువు చేతిలో ఉండగా అనుమానం పుట్టించే కాగితాన్ని కొత్తగా తయారు చేసుకోవడం దేనికి? పదో తరగతి సర్టిఫికెట్ అసలుది తీసుకెళ్లండి. దానితో పాటు, అతను మొదట చేరిన ప్రాథమిక పాఠశాలకు వెళ్లి ప్రధానోపాధ్యాయుణ్ని కలిసి, అడ్మిషన్ రిజిస్టరులో ఉన్న తేదీకి ధ్రువీకరించిన నకలు అడగండి. ఆ రిజిస్టరులో, నీలి సిరాతో, ఈ గొడవలేవీ లేని రోజుల్లో ఒక మాస్టారు రాసిన పంక్తికి ఉండే బలం వేరు. ఆధార్ కేసు ముగిశాక తీరికగా దిద్దించుకోవచ్చు, సైన్యానికి దరఖాస్తు పెట్టేలోపు తప్పకుండా దిద్దించాలి కూడా. మరొక సంగతి, వచ్చే ఆగస్టుకు అతనికి పద్దెనిమిది నిండుతాయి గదా, అప్పుడు కేసు పెద్ద కోర్టుకు పోతుందేమో అని మీరు భయపడుతున్నారు. పోదు. నేరం జరిగిందన్న రోజున ఎంత వయసు అన్నదే లెక్క. విచారణ నడుస్తుండగా పద్దెనిమిది దాటినా అతణ్ని బాలుడిగానే చూడాలని చట్టం స్పష్టంగా రాసింది.

ఇక కేసు బరువు. ఏ సెక్షన్ పెట్టారో మీరు రాయలేదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకొని అది చూడండి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ కింద మామూలు దొంగతనం, 317 కింద దొంగసొత్తు అని తెలిసి ఉంచుకోవడం, రెండింటికీ గరిష్ఠ శిక్ష మూడేళ్లు. మూడేళ్ల వరకు శిక్ష ఉన్నవాటిని బాల న్యాయ చట్టం చిన్న నేరాలుగా లెక్కిస్తుంది. వాటి మీద విచారణ, బాలుణ్ని మొదటిసారి బోర్డు ముందు పెట్టిన రోజు నుంచి నాలుగు నెలల్లో ముగియాలి. మరో రెండు నెలలు పొడిగించవచ్చు. అప్పటికీ తేలకపోతే ఆ విచారణ అంతటితో రద్దవుతుంది. ఒకవేళ వాహనాల దొంగతనాన్ని కూడా చేర్చిన 305వ సెక్షన్ పెట్టి ఉంటే గరిష్ఠ శిక్ష ఏడేళ్లు గనుక, అది తీవ్ర నేరాల కోవలోకి వెళ్తుంది, ఆ రద్దు సౌకర్యం ఉండదు. ఏ సెక్షన్ అయినా ఒకటి మాత్రం ఖాయం. పదహారు దాటినవారిని పెద్దవాళ్లలాగా విచారించవచ్చునన్న నిబంధన, 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన తరువాత దేశంలో వచ్చిన ఆగ్రహంలోంచి 2015 చట్టంలోకి వచ్చినది, కనీస శిక్ష ఏడేళ్లున్న ఘోర నేరాలకే వర్తిస్తుంది. బండి కేసుకు దానితో సంబంధం లేదు. టీ బడ్డీ దగ్గర ఎవరో చెప్పారని మీరు రాసిన "పదహారు దాటితే జైలే" అన్న మాట మీ వాడి విషయంలో నిజం కాదు.

మరి బోర్డు ఏం చేయగలదు? నేరం రుజువైందనుకుంటే, మందలించి, కౌన్సెలింగ్‌తో ఇంటికి పంపవచ్చు. కొన్నాళ్లు సమాజ సేవ చేయమనవచ్చు. సంరక్షకులకు జరిమానా వేయవచ్చు. మంచి నడవడిక షరతు మీద ప్రొబేషన్‌లో ఉంచవచ్చు. మరీ అవసరమనుకుంటే మూడేళ్లకు మించకుండా ప్రత్యేక గృహానికి పంపవచ్చు. మొదటిసారి దొరికిన, బడి మానని, ఇంటి అండ ఉన్న పిల్లవాణ్ని హోంకు పంపడం చివరి మాటగా ఉండాలన్నది చట్టం ఉద్దేశం. బండి తోలినవాడి మీద నేరమే రుజువు కాకపోవచ్చు కూడా, అది వకీలు వాదించుకునే విషయం.

అయితే ఈ నిర్ణయం ఎఫ్.ఐ.ఆర్. చదివి తీసుకునేది కాదు. ప్రొబేషన్ ఆఫీసరు ఒక నివేదిక రాస్తారు. మీ ఇంటికి వస్తారు. మీ భార్యతో, పక్కింటివాళ్లతో, కాలేజీలో లెక్చరర్లతో మాట్లాడతారు. కుర్రవాడు ఎక్కడ పడుకుంటాడు, ఎవరితో తిరుగుతాడు, సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరతాడు అని అడుగుతారు. మేము బోర్డులో కూర్చున్నప్పుడు అందరికంటే ముందు తిప్పేది ఆ పేజీలే. మీరు ఒకసారి ఆ గది చూశారు గనుక గమనించే ఉంటారు, అక్కడ ఎత్తు వేదిక గానీ బోను గానీ ఉండకూడదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒకరైనా మహిళ, బల్లకు అటు కూర్చుంటారు, పిల్లవాడు ఇటు. అంత దగ్గరగా కూర్చున్నాక, పాఠం చెప్పి పంపిన పిల్లవాడు ఇట్టే దొరికిపోతాడు. మా ముందుకు వచ్చిన ఒక కుర్రవాడు, ప్రశ్న సగంలో ఉండగానే "నాకు తెలీదండి" అనేవాడు. నీ పేరేమిటి అని అడిగినా ముందు ఆ మాటే నోట్లోంచి వచ్చి, నాలుక కరుచుకున్నాడు. తలుపు దగ్గర వాళ్ల పెదనాన్న తల దించుకున్నాడు. ఆ పాఠం ఎవరు నేర్పారో ఇక మేము అడగవలసిన పని లేకపోయింది.

అందుకే మీ మేనల్లుడు మీకు ఒంటరిగా చెప్పిన మాట, రెండోసారికి తెలుసు అన్న మాట, విని దాచేయకండి, నలుగురికీ చెప్పకండి. అతణ్ని వెంటబెట్టుకొని వకీలు దగ్గరకు వెళ్లి, అతని నోటితోనే వకీలుకు చెప్పనివ్వండి. బోర్డు ముందు ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది వకీలు చూసుకుంటారు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరూ బలవంతం చేయలేరు. మౌనంగా ఉండడం ఒకటి, అబద్ధం నేర్పడం మరొకటి. మొదటిది హక్కు. రెండోది ఇంట్లోంచే అతనికి మీరిచ్చే కొత్త విద్య అవుతుంది.

ఇక్కడ ఆ నలభై వేల సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసినది ఇదే, పోలీసు స్టేషన్ కూడా కాదు. మైనర్ కదా, ఏమీ కాదు అన్న మాట పైకి ఎంత తేలికగా ఉంటుందో చూడండి. పిల్లలకు చట్టం ఇచ్చిన రక్షణను పెద్దవాడు తన గొడుగుగా పట్టుకోవాలని చూస్తున్నాడు. మీరు ఒప్పుకుంటే ఏం జరుగుతుంది? దొరికిన బండి తోలినవాడు కాస్తా బండి తీసినవాడవుతాడు. ఆ యువకుడి మీద పాత కేసులున్నాయని మీరే రాశారు. ఒక దొంగతనం ఒప్పుకున్నవాడి ఖాతాలో మరో రెండు రాయడం కష్టమేమీ కాదు. తెలిసిన నేరస్థుడితో సహవాసం ఏర్పడుతుందనుకుంటే బెయిలు నిరాకరించే వీలు చట్టంలో ఉంది, కాబట్టి ఇప్పుడు ఇంట్లో ఉన్నవాడు విచారణ ముగిసేదాకా పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోంలో ఉండవలసి రావచ్చు. అన్నిటికీ మించి, ఆ యువకుడు నెల తిరక్కుండా మీ వీధిలో ఉంటాడు, ఈసారి మీ వాడు అతనికి అప్పుపడ్డవాడుగా కాక, అతని రహస్యం మోస్తున్నవాడుగా ఉంటాడు. బాల న్యాయ చట్టం 83వ సెక్షన్ ప్రకారం పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, ఐదు లక్షల జరిమానా ఉన్నాయి. అది ఆ యువకుడికి వర్తిస్తుందా లేదా అన్నది పోలీసులూ కోర్టూ తేల్చాలి. ఆ సెక్షన్ ఒకటి ఉన్నదని తెలిస్తే ఆ పెద్దమనిషి రెండోసారి మీ గడప ఎక్కడు.

కాదనడానికీ రెండు దారులున్నాయి. వకీలుకు చెప్పి ఊరుకోవచ్చు. అప్పుడు ఊళ్లో ముఖాలు చూసుకోగలుగుతారు, కానీ ఒత్తిడి మళ్లీ రావచ్చు. వకీలు ద్వారా బోర్డు దృష్టికి తేవచ్చు. అప్పుడు కుర్రవాడికి రక్షణ ఎక్కువ, ఊళ్లో మాత్రం మీకు పగ మొదలవుతుంది. ఒకే వీధిలో, ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునే మనుషుల మధ్య ఆ బరువు ఎంతో నాకు తెలుసు గనుక, ఇందులో ఒకటే చేయమని నేను చెప్పను. మరోసారి గనుక వస్తే రెండో దారి పట్టండి అని మాత్రం అంటాను. బండి యజమానికి మరమ్మతు ఖర్చు ఇవ్వాలని మీకు మీరుగా అనిపిస్తే అది మంచి ఆలోచనే. కానీ మధ్యవర్తి చేతికి కాకుండా, వకీలు ద్వారా, బోర్డుకు తెలిసేటట్టు ఇవ్వండి.

స్టేషన్‌లో గడిచిన ఆ రాత్రి గురించి. బాలుణ్ని పట్టుకున్న వెంటనే బాలల సంక్షేమ పోలీసు అధికారికి అప్పగించాలి, తల్లిదండ్రులకో సంరక్షకుడికో కబురు పెట్టాలి, లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్లు వేయకూడదు, ప్రయాణ సమయం మినహా ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. మీ విషయంలో చివరిది పాటించారు, కబురు విషయంలో జాప్యం జరిగింది. పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమన్నారు గనుక ఎఫ్.ఐ.ఆర్. కట్టడం బాల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నియమాల ప్రకారం తప్పు కాదు. లేకపోతే చిన్న నేరాల్లో పిల్లల మీద ఎఫ్.ఐ.ఆర్. లేకుండా జనరల్ డైరీలో రాసుకొని, సామాజిక నేపథ్యం నివేదికతో బోర్డుకు పంపాలి. అక్కడ అతణ్ని ఎవరైనా కొట్టారా అన్నది నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. కొట్టి ఉంటే బోర్డు ముందు చెప్పవలసిందే.

అడిగే ముందు ఒక మాట. స్టేషన్‌లో కొట్టారా అని అడగబోయే చేతుల్లోనే నిన్న బెల్టు ఉంది. మీరు దాన్ని దాచకుండా రాశారు, అందుకు మీ మీద గౌరవం కలిగింది. ఆ దెబ్బలు పడుతుండగా అతను చెప్పింది సగం నిజం. మిగతా సగం మర్నాడు, బెల్టు కనబడని వేళ, తానే వచ్చి చెప్పాడు. ఆ రెండో రోజునే మీరు పట్టుకోవాలి. పొరపాటు చేశానని అతనితో ఒక్క మాట అనండి. పెద్దవాడు అలా అంటే చిన్నవాడు చెడిపోతాడని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. నేను చూసినంతలో అలా చెడిపోయినవాణ్ని చూడలేదు.

ఫొటో సంగతి చెప్పడం తేలిక, చేయడమూ తేలికే. కేసులో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, చిరునామా ఏ రూపంలోనైనా బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ముందు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. తరువాత గ్రూపు అడ్మిన్‌కు ఫోన్ చేసి మర్యాదగా ఈ సెక్షన్ చెప్పండి. చాలావరకు గంటలో తొలగిస్తారు. ఫిర్యాదు దాకా వెళ్లాలా వద్దా అన్నది ఆ తరువాత ఆలోచించుకోవచ్చు, వెళ్తే ఆ ఫొటో గురించి ఇంకో నెల్లాళ్లు ఊరు మాట్లాడుకుంటుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

ఇప్పుడు సైన్యం కల. ఈ చట్టం కింద విచారణ జరిగి నేరం రుజువైనా సరే, దాని వల్ల వచ్చే అనర్హత ఏదీ బాలుడికి అంటదని 24వ సెక్షన్ చెబుతోంది. నిర్ణీత గడువు తరువాత ఆ రికార్డులను నాశనం చేయాలి. కేసు ముగిశాక నడవడిక ధ్రువపత్రం కోసం అడిగినా పోలీసులు ఆ వివరాలు వెల్లడించకూడదు. 2019లో, చిన్నప్పటి కేసు కారణంగా సి.ఐ.ఎస్.ఎఫ్. (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఉద్యోగం పోయిన ఒక అభ్యర్థి విషయంలో సుప్రీంకోర్టు, మైనర్‌గా ఉన్నప్పటి ఆరోపణను అతనికి వ్యతిరేకంగా వాడరాదని అంది. ఇవన్నీ మీ వైపు ఉన్నాయి. అయినా కాగితం మీద హక్కు ఉండడం ఒకటి, సెలక్షన్ గదిలో కూర్చున్న గుమస్తాకు అది తెలిసివుండడం మరొకటి. ధ్రువీకరణ ఫారంలో మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా అన్న గడి వస్తుంది. ఆ గడిలో తొందరపడి లేదు అని రాసి, తరువాత దాచావన్న పేరుతో ఇబ్బంది పడినవారున్నారు. భయపడి ఉన్నది లేనిది రాసేసి నష్టపోయినవారూ ఉన్నారు. బోర్డు తుది ఉత్తర్వు నకలు భద్రంగా ఉంచుకొని, ఆ ఫారం నింపే రోజున దాన్ని వకీలుకు చూపించి, ఏ మాట రాయాలో రాయించుకోండి. కేసు నడుస్తున్నప్పుడు దరఖాస్తు పెట్టడం కంటే ముగిశాక పెట్టడం సుఖం. ఇంటర్ పరీక్షలు రాసి, ఒక్క రిక్రూట్‌మెంట్ వదులుకున్నా వయసు మిగిలే ఉంటుంది. పొద్దుటి పరుగు మాత్రం మాననివ్వకండి. ఊరివాళ్లు చూస్తారని అతను ఇప్పటికే మానేసి ఉంటే, మొదటి నాలుగు రోజులు మీరు సైకిల్ మీద పక్కన వెళ్లండి.

హైదరాబాద్ పంపేసి వాయిదాలు వకీలుకు వదిలేయడం మాత్రం కుదరదు. మీరు సంతకం పెట్టిన పూచీకత్తు అతణ్ని హాజరుపరుస్తానని. చెప్పకుండా పంపితే బెయిలు పోయే ప్రమాదం ఒకటి, ఇంటి అండ లేదన్న అభిప్రాయం మరొకటి. రెండోది చాలాకాలం వెంటాడుతుంది. బోర్డును అడిగి, అనుమతితో పంపడం వేరే సంగతి. దానికి లాభం లేకపోలేదు: ఆ యువకుడి నీడ తప్పుతుంది, తల్లి కంటి ముందు ఉంటాడు. నష్టం కూడా ఉంది: మార్చి పరీక్షలు చెడతాయి, తల్లిదండ్రులు పనికి వెళ్లాక పగలంతా ఆ రేకుల షెడ్డులో ఒక్కడే ఉంటాడు, లేదా మీరు భయపడినట్టే సెంట్రింగ్ పనిలోకి దిగుతాడు.

మీ ఇంట్లో ఉంచుకోవాలంటే మీ భార్య మాట వినాలి. ఆమెను రాతిగుండె మనిషిలాగా మీరు రాశారు గానీ, ఐదారేళ్లుగా ఆ పిల్లవాడికి అన్నం పెట్టింది ఆమే కదా. ఆమె భయం పిల్లవాడి గురించి కాదు, రాత్రిపూట తలుపు కొట్టి వచ్చిన ఆ మనుషుల గురించి, కూతురి గురించి ఊరు అనబోయే మాట గురించి. ఆ రెండింటికీ మీరు జవాబు చెప్పాలి. మీ అమ్మగారు అదే ఊళ్లో, రెండు వీధుల అవతల, పాత ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారని ఉత్తరం మూడో పేజీలో ఒక మూల రాశారు. పరీక్షలు అయ్యేదాకా కుర్రవాడు రాత్రిళ్లు అమ్మమ్మ దగ్గర పడుకొని, తిండికీ చదువుకూ మీ ఇంటికి వస్తే ఎలా ఉంటుందో మీ భార్యనే అడగండి. పెద్దావిడకు తోడు, మీ ఇంట్లో కొంత ఊపిరి. ఇబ్బంది ఏమిటంటే అమ్మమ్మలు అడిగినదల్లా ఇస్తారు, సాయంత్రం ఆరు తరువాత ఎక్కడికి వెళ్లావని అడగలేరు. ఆ లెక్క మీరు చూసుకోవాలి. ఏ ఏర్పాటు చేసినా ప్రొబేషన్ ఆఫీసరు వచ్చేనాటికి మీరిద్దరూ ఒకే మాట మీద ఉండండి. బయట ఒకరు ఉంచుకుంటామని, వంటింట్లో ఒకరు పంపేస్తామని చెబితే నివేదికలోకి రెండోదే ఎక్కుతుంది.

చివరిగా మీ అక్క. పాడు చేశానా అని అడిగారు. దొంగ బండి మీద రెండోసారి ఎక్కిన తప్పు అతనిది, ఎక్కించినవాడి తప్పు ఇంకా పెద్దది. మీ వంతుకు వచ్చేది, సాయంత్రాలు అతను ఎవరితో ఉన్నాడో గమనించకపోవడం, ఆ బెల్టు, ఈ దాపరికం. మొదటి రెండూ జరిగిపోయాయి, మూడోది ఇంకా మీ చేతిలో ఉంది. ఆ ఫొటో గ్రూపులో తిరిగింది గనుక, హైదరాబాద్‌లో పనిచేస్తున్న మీ ఊరివాళ్లలో ఎవరో ఒకరి ఫోన్‌లోకి ఈపాటికే చేరివుంటుంది. మీ అక్క వాళ్ల నోట వినడం కంటే మీ నోట వినడం మేలు. ముందు అక్కతో ఒంటరిగా మాట్లాడండి. బావతో ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆమెకే బాగా తెలుసు. వయసు, సెక్షను, ఆర్మీ గురించి ఇక్కడ రాసినవన్నీ ఆయనకు చెప్పండి. భవిష్యత్తు ఉందని తెలిసిన తండ్రి చెయ్యెత్తడానికి కొంత ఆలోచిస్తాడు. చదువు మాన్పిస్తే బోర్డు నివేదికలో అది కుర్రవాడికి నష్టమని కూడా చెప్పండి, ఆ మాట మీ కంటే వకీలు ఫోన్‌లో చెబితే ఇంకా పనిచేస్తుంది.

సికింద్రాబాద్‌లో సాయంత్రం రైలెక్కితే ఉదయానికి ఆమదాలవలసలో దిగుతారు. వాయిదా రోజున ఆ గదిలో కుర్రవాడి పక్కన వాళ్లమ్మ కూడా కూర్చోవాలంటే, కూలిపనిలో సెలవు అడిగి టికెట్ తీసుకోవడానికి ఆమెకు నాలుగు రోజులైనా కావాలి. ఈ ఆదివారం ఆమె ఇంటి దగ్గరే ఉంటుంది కదా, ఆరోజు ఫోన్ చేయండి.